వెర్షన్ పోయింది, టికెట్ మూసేయండి

ఒక సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు ఆయుష్షు తీరింది. ఎండ్ ఆఫ్ లైఫ్ అని ప్రకటన వెలువడింది. ఇక దానికి ప్యాచ్‌లు రావు, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ప్రకటన రాసినాయన హాయిగా నిద్రపోయాడు. మీరు మాత్రం తెల్లారి బగ్ ట్రాకర్ తెరిస్తే, ఆ వెర్షన్ పేరు మీద ఇంకా మూయని రిపోర్టులు వందల్లో, వేలల్లో కనిపిస్తాయి. కొన్నిటికి మూడేళ్లు నిండాయి. కొన్నిటి కింద "నాకూ ఇదే సమస్యండీ" అంటూ జనం బారులు తీరి ఉన్నారు. వీటినేం చేయాలి?

దీనికి రెండు దారులున్నాయి. ఒక్కో రిపోర్టూ చదివి, బతికున్న వెర్షన్‌లో ఆ తప్పు ఉందో లేదో చూసి తేల్చడం మొదటిది. అది కష్టం, పైగా పుణ్యం తప్ప పేరు రాదు. రెండో దారి ఈ కింది పది సూత్రాల్లో ఉంది. శ్రద్ధగా పాటిస్తే ఒక్క మధ్యాహ్నంలో ట్రాకర్ ఖాళీ అవుతుంది.

1. వెర్షన్‌తో పాటే బగ్ కూడా పోయిందని నమ్మండి

మిగతా తొమ్మిదింటికీ పునాది ఈ నమ్మకమే. గడువు తేదీ వెర్షన్‌కే గానీ బగ్‌కు కాదన్న సంగతి మనసులోకి రానివ్వకండి. పాత పరుపు కొత్త ఇంటికి మోసుకెళ్లి, "అడ్రసు మారిందిగా, ఇక నల్లులుండవు" అని దాని మీదే పడుకునేంత ధీమా కావాలి.

ఈ ధీమాను చెడగొట్టే ఉదాహరణలు చెప్పేవాళ్లు ప్రతి టీంలోనూ ఒకరుంటారు. లినక్స్ కమాండ్ షెల్ అయిన బాష్‌లో షెల్‌షాక్ అనే లోపం 1989 నాటి కోడ్‌లో పుట్టి 2014 సెప్టెంబరులో బయటపడిందంటారు. మామూలు యూజరు చేతికి సిస్టమ్ మొత్తాన్ని అప్పగించే సుడో కమాండ్ లోపం 2011 జులైలో చొరబడితే, 2021 జనవరిలో క్వాలిస్ పరిశోధకులు దాన్ని బయటపెట్టారంటారు. ఈ మధ్యలో ఒక్క ఫెడోరా లినక్స్‌లోనే డజనుకు పైగా వెర్షన్లు పుట్టి గిట్టాయి, ఏ ఒక్కటీ పోతూ పోతూ ఆ లోపాన్ని వెంట తీసుకెళ్లలేదు కదా అని నిలదీస్తారు. అలాంటివాళ్లను మీటింగుకు పిలవకండి.

2. చదవకండి, బాట్‌కు అప్పగించండి

రిపోర్టు చదవడం ప్రమాదకరం. చదివితే అందులో మనిషి కనిపిస్తాడు. ఏది నొక్కితే ఏమైందో వరసగా రాసి, లాగ్ ఫైలు జతచేసి, రాత్రిళ్లు కూర్చుని ఏ కమిట్‌తో ఈ తప్పు మొదలైందో వెతికి పట్టుకున్న మనిషి. కొందరైతే ప్యాచ్ కూడా రాసి పెడతారు. తప్పు చూపించి, దిద్ది, మీ చేతిలో పెట్టి, మీరు "సరే" అనడం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటారు. అలాంటిది కంటపడితే మూయడానికి చేయి రాదు. అందుకే చూడకూడదు.

బాట్‌కు ఈ బాధ లేదు. ఫలానా వెర్షన్‌లో మూయనివి ఏవి అని అడుగుతుంది, వచ్చినవన్నీ మూస్తుంది. డేటా పోతోందన్న మొరా, ఐకాన్ రంగు బాగాలేదన్న సణుగుడూ ఒకే క్షణంలో ఒకే సమాధి వాక్యంతో వెళ్లిపోతాయి. ప్యాచ్ జతచేసిన రిపోర్టులను ముందుగా వడగట్టే సదుపాయం బగ్జిల్లా ట్రాకర్‌లో ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, "మంచి ఆలోచన, వచ్చే రిలీజ్‌కు చూద్దాం" అనండి. ఆ రిలీజ్‌కు కూడా ఒకరోజు ఆయుష్షు తీరుతుంది.

3. గడువు ఇవ్వండి, అవకాశం ఇవ్వకండి

ఈ విషయంలో ఫెడోరా వాళ్లు మరీ మెతక. ఆరు నెలలకొక వెర్షన్ తెస్తారు, ఒక్కోదాన్ని సుమారు 13 నెలలు పోషిస్తారు. గడువు దగ్గరపడగానే, మూయకుండా ఉన్న ప్రతి రిపోర్టులోనూ బాట్ చేత ముందస్తు హెచ్చరిక పెట్టిస్తారు. ఈ తప్పు కొత్త వెర్షన్‌లోనూ ఉంటే వెర్షన్ గడి మార్చండి, రిపోర్టు బతుకుతుంది అని దారి చూపిస్తారు. చివరికి మూసేటప్పుడు బాగుచేయలేకపోయామని విచారం కూడా తెలుపుతారు.

వాళ్ల నుంచి బాట్‌ను మాత్రమే తెచ్చుకోండి, మర్యాదలు అక్కడే వదిలేయండి. హెచ్చరిక తప్పదంటే భోగి ముందురోజు సాయంత్రం పంపి, కనుమ వెళ్లేసరికి గడువు ముగిసేలా చూడండి. "వెర్షన్ మార్చండి" అని పెద్దక్షరాలతో రాయండి, మార్చే అధికారం మాత్రం మీ టీం దగ్గరే ఉంచండి.

గడియారం మీద ఇంకా మోజుంటే కుబర్నెటీస్ ప్రాజెక్టు పద్ధతి చూడండి. 90 రోజులు ఎవరూ పలకకపోతే రిపోర్టుకు స్టేల్ అని ముద్ర, మరో 30 రోజులకు రాటెన్, ఇంకో 30 రోజులకు మూత. ఉబుంటు వాడే లాంచ్‌ప్యాడ్‌లోనూ "ఇన్‌కంప్లీట్" అని గుర్తుపెట్టిన రిపోర్టు 60 రోజులు కదలకపోతే దానంతటదే గడువు తీరిపోవచ్చు. ఇందులో సొగసు గమనించారా? 90 రోజులు పలకనిది మీరు, శిక్ష పడేది రిపోర్టుకు.

4. పరీక్ష భారం రిపోర్టరు మీదకు నెట్టండి

"ఈ సమస్య కొత్త వెర్షన్‌లో ఇంకా ఉందేమో దయచేసి సరిచూసి చెప్పగలరు." బగ్ ట్రాకర్లలో ఇంతకంటే శక్తిమంతమైన వాక్యం లేదు. అడిగినట్టూ ఉంటుంది, పని చేసినట్టూ ఉంటుంది. రిపోర్టరు మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ పరీక్షించి, "ఉందండీ" అని రాస్తాడు. మీరు మౌనంగా ఉండండి. ఆ వెర్షన్ కూడా పోయాక ఇదే వాక్యం మళ్లీ అతికించండి. మూడోసారికి మనిషి అలసిపోతాడు. అతను పలకకపోవడాన్ని "సమస్య తీరింది" అని నమోదు చేసుకోండి.

ఈ పద్ధతికి శత్రువులు లేకపోలేదు. నెట్‌స్కేప్ తొలినాటి ప్రోగ్రామర్లలో ఒకడైన జేమీ జవిన్‌స్కీ, గ్నోమ్ డెస్క్‌టాప్ 2.0 వచ్చాక పాత బగ్ రిపోర్టులకు పట్టిన గతి చూసి 2003లో చిన్న వ్యాసం రాశాడు. పాత తప్పులు దిద్దడం విసుగు కాబట్టి అంతా మొదటినుంచి కొత్తగా రాస్తారు, రాశాక పాత రిపోర్టులు కాలం చెల్లినవని మూసేస్తారు, కొత్త కోడ్‌లో కొత్త తప్పులు పుడతాయి, చక్రం మళ్లీ తిరుగుతుంది అని దాని సారాంశం. ఇరవయ్యేళ్లు దాటినా ఓపెన్ సోర్స్ లోకంలో జనం ఇంకా దాన్ని తలుచుకుంటారు. మీ ప్రాజెక్టులోకి వచ్చిన కుర్రాళ్ల కంట అది పడకుండా చూసుకోండి.

రిపోర్టరు దగ్గర కొత్త వెర్షన్ నడిచే కంప్యూటరు లేకపోవడం ఇంకా మేలు. 2025 అక్టోబరు 14న విండోస్ 10 మామూలు సపోర్టు ఆగింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలని మైక్రోసాఫ్ట్ నిబంధన. ఏదో మండల ఆఫీసులో పదేళ్ల నాటి డబ్బా ముందు కూర్చున్న ఆపరేటరును "కొత్తదాంట్లో పరీక్షించండి" అని అడిగితే, ముందు అతను కొత్త మెషిన్‌కు ఇండెంట్ పెట్టాలి. ఆ ఫైలు కదిలి వచ్చేలోపు మీ టికెట్ ఎప్పుడో మూతపడుతుంది.

5. ఎవరూ నిర్ణయించనట్టుండే లేబుల్ ఎంచుకోండి

ఫెడోరాలో ఒకప్పుడు ఇలాంటి రిపోర్టులను వొంట్‌ఫిక్స్ కింద మూసేవారు. "బాగుచేయం" అని ముఖం మీద చెప్పినట్టు. తర్వాత ఈఓఎల్ (ఎండ్ ఆఫ్ లైఫ్) అనే వేరే లేబుల్ వచ్చింది. ఎంత హాయిగా ఉందో చూడండి. బాగుచేయనిది మనం కాదు, క్యాలెండరు.

కారణం రాయడం జోలికి మాత్రం పోకండి. ఉబుంటు ఒకటో నంబరు బగ్ కథ తెలిసే ఉంటుంది. మార్కెట్లో అధిక వాటా మైక్రోసాఫ్ట్‌దే కావడం అన్నదే ఆ బగ్. ఉబుంటు వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ 2004 ఆగస్టులో దాన్ని నమోదు చేసి, 2013 మేలో మూశాడు. మూసేటప్పుడు ఫోన్లు, ట్యాబ్లెట్లు వచ్చి లోకం ఎలా మారిందో, అందులో తమ పాత్ర ఎంతో, ఎందుకు మూస్తున్నాడో వివరంగా రాశాడు. ఒప్పుకున్నవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, కానీ ఎందుకు మూశారో తెలియనివాడు లేడు. ఇలాంటి అలవాటు ఒక్కరికి అంటుకుంటే ప్రతి రిపోర్టరూ కారణం అడగడం మొదలుపెడతాడు.

6. డ్యాష్‌బోర్డునే దేవుడనుకోండి

మాదాపూర్‌లో అయినా మౌంటెన్ వ్యూలో అయినా, సోమవారం ఉదయం తెరమీద కనిపించేది ఒక గీత. ఓపెన్ టికెట్ల గీత కిందికి దిగితే మేనేజరుగారి ముఖం వికసిస్తుంది. ఆ గీతకు "బాగుచేసినవి", "మూసినవి" అనే తేడా తెలియదు. తెలియనివ్వకండి. రెండింటినీ కలిపి "పరిష్కరించినవి" అని ఒకే గడిలో చూపించండి. అప్రైజల్ ముందు నెలలో ఒక వెర్షన్‌కు ఆయుష్షు తీరేలా రిలీజ్ ప్రణాళిక వేయగలిగితే మీకు తిరుగులేదు.

టికెట్లను మూయకుండా ఉంచితే ఏమవుతుందో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాళ్లను అడగండి. ఫారిన్ కీ వల్ల మారిన వరసలకు ట్రిగ్గర్లు నడవడం లేదని 2005 జూన్‌లో 11472 నంబరుతో ఒక బగ్ నమోదైంది. అది ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోయేసరికి, జనం దాని కింద పుట్టినరోజు శుభాకాంక్షలు రాయడం మొదలుపెట్టారు. తప్పు ఉన్నందుకు ఎవరికీ సిగ్గులేదు. దాని వయసు పదిమందికీ కనిపించడమే పరువు తక్కువ.

7. పాత కోడ్ ఎక్కడ బతుకుతోందో ఆరా తీయకండి

ఈ సూత్రం మరిచినవారికి నిద్ర పట్టదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8కు పునాది ఫెడోరా 28. ఎంటర్‌ప్రైజ్ 8 విడుదలైంది 2019 మే 7న. ఫెడోరా 28కు ఆయుష్షు తీరింది అదే నెల 28న. ఒక పేరుతో బ్యాంకుల సర్వర్లలోకి పదేళ్ల హామీతో అడుగుపెట్టిన కోడ్, మూడు వారాలు తిరిగేసరికి ఇంకో పేరుతో కాలం చేసింది. ఫెడోరా 28 పేరున ఉన్న రిపోర్టులు "ఈ వెర్షన్ ఇక లేదు" అనే నోటీసుతో మూతపడుతున్న రోజుల్లో, దాని కోడ్ 2029 దాకా ఉద్యోగం ఖాయం చేసుకుని కూర్చుంది. ఏ రిపోర్టు ఎవరికి పనికొస్తుందో తెలుసుకోవాలంటే ఈ చుట్టరికాలు కూపీ లాగాలి. మనకెందుకు?

విండోస్ ఎక్స్‌పీ సంగతీ అంతే. 2014 ఏప్రిల్ 8న దానికి సపోర్టు ఆగింది. నాలుగేళ్ల తర్వాత, 2018 జూన్‌లో, ఏటీఎంలను ఎక్స్‌పీ నుంచి 2019 జూన్‌లోగా మార్చి తీరాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు గడువు పెట్టాల్సి వచ్చింది. అంటే అంతదాకా మన జేబులోకి నోట్లు లెక్కపెట్టి ఇచ్చిన యంత్రాల్లో చాలావాటిని నడిపింది, కాగితాల మీద ఏనాడో పోయిన వెర్షనే.

మధ్యలో 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. విండోస్ ఫైల్ షేరింగ్ కోడ్‌లోని లోపాన్ని పట్టుకుని ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపం ఒక్క వెర్షన్‌ది కాదు, పాత ఎక్స్‌పీ నుంచి విండోస్ 10 దాకా సాగిన వారసత్వం. చివరికి మైక్రోసాఫ్ట్ మూడేళ్ల కిందట సాగనంపిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చింది. ఇలాంటి రోజు మీకూ వస్తే కంగారుపడకండి. పాత రిపోర్టులన్నీ మూసేశారు కాబట్టి, ఎవరూ ముందే చెప్పలేదని ధైర్యంగా అనొచ్చు.

8. తెలుగు గురించిన రిపోర్టులకు ప్రత్యేక మర్యాద

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం, మధ్యలో ఒక కంటికి కనపడని గుర్తుతో కలిసి, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లను పడగొట్టింది. మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే చాలు, యాప్ కుప్పకూలేది. ఆ నెల 19న యాపిల్ 11.2.6 తెచ్చి సరిచేసింది. దీన్నిబట్టి నేర్చుకోవాల్సిన నియమం: తెలుగు బగ్ తెలుగు రానివాడి ఫోన్ పడగొడితే అత్యవసరం. తెలుగువాడినొక్కడినే వేధిస్తే ఈఓఎల్.

వత్తు పక్క అక్షరం కిందికి జరిగిపోవడం, కర్సర్ గుణింతం మధ్యలో ఇరుక్కోవడం, పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు తారుమారు కావడం లాంటి రిపోర్టులు మీకు వస్తూనే ఉంటాయి. మూయడానికి ఇవి మహా అనువైనవి. తెలుగు తెరమీదకు రావాలంటే అక్షర రూపాలు ఫాంట్ ఇవ్వాలి, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్ తేల్చాలి, తేల్చినదాన్ని అప్లికేషన్ గీయాలి. ఫాంట్ వాళ్లు ఇంజిన్‌ను చూపిస్తారు, ఇంజిన్ వాళ్లు అప్లికేషన్‌ను చూపిస్తారు, అప్లికేషన్ వాళ్లు తమ వెర్షన్‌కు ఆయుష్షు తీరిందని మూసేస్తారు. తప్పు ఇంజిన్‌లో ఉంటే అప్లికేషన్ వెర్షన్ మారినంత మాత్రాన పోదని రిపోర్టరు వాదిస్తే, "మా దగ్గర బాగానే కనిపిస్తోంది" అని స్క్రీన్‌షాట్ పంపండి. అందులో వత్తు తప్పిందని మీ టీంలో ఎవరికీ తెలియకపోవడం మీకు రక్ష.

9. డెబియన్‌వాళ్ల ఛాయలకు పోకండి

డెబియన్ లినక్స్ తయారుచేసేవాళ్లకు బొత్తిగా లోకం తెలియదు. వాళ్ల ట్రాకర్‌లో రిపోర్టు ఏదో ఒక రిలీజ్‌కు కాక, ప్యాకేజీకి కట్టుబడి ఉంటుంది. ఫలానా వెర్షన్‌లో కనిపించింది, ఫలానా వెర్షన్‌లో బాగైంది అని రెండూ నమోదు చేస్తారు. ఒకే బగ్ పాత రిలీజ్‌లో ఉన్నట్టూ, కొత్తదాంట్లో తీరినట్టూ ఒకేచోట కనిపిస్తుంది. రిలీజ్ పాతబడినంత మాత్రాన రిపోర్టుకు ఏమీ కాదు. ప్యాకేజీనే తీసేస్తే, తీసేశామని చెప్పి మూస్తారు. తలనొప్పి కాక ఇంకేమిటి?

అంటుకునే దురలవాట్లు ఇంకొన్ని ఉన్నాయి. ఆయుష్షు తీరడానికి ముందు ఒక శనివారం నలుగురు కూర్చుని, ఎక్కువమంది మొరపెట్టుకున్న యాభై రిపోర్టులను కొత్త వెర్షన్‌లో పరీక్షించడం. ఇంకా ఉన్నవాటికి వెర్షన్ గడి తామే మార్చడం. బాగైనవాటిని ఏ మార్పుతో బాగయ్యాయో రాసి మూయడం. ఆ భాగమే కొత్త వెర్షన్‌లో లేకపోతే "దీన్ని తీసేశాం" అని ఒక్క ముక్క చెప్పడం. ఈ పనులు చేసే టీంలలో రిపోర్టర్లు ఏళ్ల తరబడి నిలబడిపోతారు, వాళ్ల రిపోర్టుల నాణ్యత పెరుగుతూ పోతుంది. అప్పుడు మూయడం ఇంకా కష్టం.

10. వలయం పూర్తిచేయండి

ఇది నిపుణులకు మాత్రమే. మూసే నోటీసులో "సమస్య ఇంకా ఉంటే కొత్త రిపోర్టు పెట్టండి" అని రాయండి. ఓపికున్నవాడు పెడతాడు. ఆ కొత్త రిపోర్టును పాతదానికి డూప్లికేట్ అని గుర్తుపెట్టి మూయండి. పాతదాని దగ్గరికి వెళ్తే అది ఈఓఎల్ కింద మూతపడి, కొత్త రిపోర్టు పెట్టమంటూ ఉంటుంది. రెండు టికెట్లూ మూసినవే, రెండూ డ్యాష్‌బోర్డులో మీ ఖాతాకే. లోపం ఒకటే, పరిష్కారాలు రెండు.

తరచూ వచ్చే సందేహాలు

ఇంతకీ అన్నీ తెరిచే ఉంచాలంటారా?

లేదు. ఎవరూ చూడని రిపోర్టును పదేళ్లు తెరిచి ఉంచడం కూడా అబద్ధపు హామీయే. మూయడంలో తప్పేమీ లేదు, చూసి మూయడమే మా సూత్రాలకు విరుద్ధం.

సెక్యూరిటీ రిపోర్టులనైనా విడిగా చూడాలా?

విడిగా చూడాలంటే ఏవి సెక్యూరిటీవో తెలియాలి. తెలియాలంటే చదవాలి. రెండో సూత్రం మళ్లీ చదవండి.

మేం జీతం లేకుండా, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు పనిచేసే నలుగురం. వేల రిపోర్టులు ఎలా చదవగలం?

న్యాయమైన ప్రశ్న. అందుకే ఇది బయట ఎక్కడా అడగకండి. "మేం నలుగురమే ఉన్నాం, ఇది మావల్ల కావడం లేదు, ఎవరైనా చేయందిస్తారా?" అని బాట్ నోటీసు బదులు రాశారనుకోండి, చాలామంది రిపోర్టర్లు అర్థం చేసుకుంటారు. ప్యాచ్ రాసి రెండేళ్లు కాచుకున్న ఆ మనిషే ముందుకొచ్చి, "పాత రిపోర్టులు నేను చూస్తాను సార్" అన్నా అనొచ్చు. ఇక చూడండి అవస్థ. అతనికి కోడ్ పరిచయం చేయాలి, కమిట్ హక్కులివ్వాలి, అతను అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఏడాది తిరిగేసరికి మీరు ఐదుగురవుతారు, బాట్‌కు పని తగ్గిపోతుంది.